ఎవరిలో సున్నా

ఆమెకి అక్క అనే పేరు పెట్టింది తమ్ముడే. మాటలు నేర్చిన కొత్తలో వాడు అక్కా అక్కా అంటూ ఆమె గౌను పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. అది విని తల్లి కూడా అలాగే పిలవడం మొదలెట్టింది. తర్వాత వీధివాళ్ళు, ఆ తర్వాత పనిచేసే ల్యాబులో ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనేవాళ్ళు. నలభై దాటిన మనిషికి సొంత పేరొకటి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. పెళ్ళి ఒకసారి అయింది. ఆర్నెల్లకే పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఎందుకొచ్చావని అడిగితే, "అక్కడ కూడా ఎవరూ నా మాట వినిపించుకోలేదు" అని చెప్పేది.

అదే ఆమె జబ్బు. తన మాట నలుగురూ వినాలి. వినేవాడు లేక లోపల మాటలు పులిసిపోయాయి. ఇంట్లో అందరి చూపూ తమ్ముడి మీదే. వాడు టవర్ క్రేన్ నడుపుతాడు. ఆకాశంలో గాజు గదిలో కూర్చుని, కింద మనుషులు చీమల్లా కనిపిస్తుంటే, ఇనుప దూలాలు ఎత్తి దించుతాడు. వాడు తుమ్మితే తల్లి కషాయం కాచేది. అక్క తుమ్మితే, "ఆ అటక మీద దుమ్ము ఎన్నాళ్ళనుంచి దులపలేదే?" అని అడిగేది.

తండ్రి లేడు. నలభై రెండో ఏట బాత్రూములో గడ్డం గీసుకుంటూ, సగం మొహానికి నురుగుతో కూలిపోయాడు. గుండె అన్నారు. అంతకుమించి ఎవరూ ఆరా తీయలేదు. ఆయన రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు ఊదిపారేసేవాడన్న ముక్క మాత్రం, పోయినవాడి మీద గౌరవంకొద్దీ, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ల్యాబులో అక్క పని రిపోర్టుల బల్ల దగ్గర. రక్తాన్ని చూసేవి మెషీన్లు, దాని అర్థం చెప్పేవాడు పెద్ద డాక్టరు, ఆ ఇద్దరి మధ్యా కూర్చుని టైపు కొట్టేది అక్క. కొన్నాళ్ళకి ల్యాబువాళ్ళు జన్యు పరీక్షలు కూడా పెట్టారు. డీఎన్ఏలో తేడాలు చదివి అర్థం చెప్పడం నేర్చుకోవాలనుకున్నవాళ్ళకి శనివారాలు క్లాసు ఉంటుంది, వెళ్ళండి అన్నారు. అందరూ తలొంచుకున్నారు. అక్క ఒక్కతే చెయ్యెత్తింది.

క్లాసు చెప్పేది ఒక మేడమ్. మనిషి జానెడు, నోరు మాత్రం బారెడు. మెచ్చుకోవడం ఆవిడ ఒంట్లో లేదు. మొదటి రోజే అందరి చేతా చిన్న గొట్టంలో ఉమ్మించి, "ముందు మీ డీఎన్ఏ మీరు చదువుకోండి. పక్కవాడిది చదివి వాణ్ణి హడలగొట్టడం తర్వాత నేర్చుకుందురుగాని," అంది. ఫైళ్ళు వచ్చాక క్లాసంతా చిన్నపిల్లల బడి అయిపోయింది. మందుల షాపాయనకి చేదు సరిగా తెలియదట, అందుకే భార్య మాడ్చిన కూర కిక్కురుమనకుండా తింటున్నాడని తేలింది. రిటైరై కాలక్షేపానికి చేరిన ఈత మాస్టారు తన చెవి గులిమి ఏ రకమో చదువుకుని, "డెబ్బై మూడేళ్ళకి నా చెవి సంగతి నాకు తెలిసింది," అని మురిసిపోయాడు.

అసలు పాఠం తర్వాత మొదలైంది. ఏ ఇద్దరి డీఎన్ఏ తీసుకున్నా లక్షల చోట్ల అక్షరాలు తేడాగా ఉంటాయి. ఆ తేడాలన్నీ జబ్బులే అయితే భూమ్మీద మనిషి మిగలడు. కాబట్టి జల్లెడ పట్టాలి. పదిమందిలో కనిపించే తేడా ప్రాణం తీసేది కాదు, తీసేదే అయితే ఆ పదిమంది ఉండరు కదా. ఎవరిలోనూ కనిపించని దాన్ని అనుమానించాలి. ఎవరిలో ఎంత ఉందో తెలుసుకోవడానికి, ప్రపంచంలో లక్షలమంది డీఎన్ఏ చదివి, ఎవరైనా చూసుకునేలా పెట్టిన పబ్లిక్ డేటా ఉంది. దాని నకలొకటి క్లాసులో అందరి కంప్యూటర్లలోనూ ఎక్కించారు.

ఒక శనివారం మేడమ్ బల్ల మీద వేలితో కొడుతూ ఈ మాట చెప్పింది: "మీకిచ్చిన నకలు పాతది. ఇందులో మన వైపు మనుషులు లేరు. దూరదేశాలవాళ్ళే అంతా. మనవాళ్ళని చేర్చిన కొత్త డేటా వచ్చి రెండేళ్ళయింది. అది నెట్‌లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఈ నకలు మీ చెయ్యి తిరగడానికి ఇచ్చాను. నిజమైన మనిషి గురించి నోరు విప్పేముందు కొత్తదాంట్లో చూడాలి. చూడకుండా నోరు విప్పారో, నా దగ్గర చదువుకున్నామని ఎక్కడా చెప్పకండి."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. మాట మాత్రం ఆమె చెవికెక్కలేదు. ఆ పొద్దున్నే తమ్ముడి ఫైలు వచ్చింది. ఇంట్లో ఒకసారి భోజనాల దగ్గర సరదాగా వాడి చేత కూడా ఉమ్మించింది. మేడమ్ మాట్లాడుతున్నంతసేపూ అక్క తల వంచుకుని ఆ ఫైలు జల్లెడ పడుతోంది.

జల్లెడలో ఒకటి మిగిలింది. గుండె కండరాన్ని కట్టే జన్యువులో ఒక్క అక్షరం తేడా. ఆ జన్యువు చెడితే గుండె గోడ మందమెక్కి ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చని పాఠంలో ఉంది. నకల్లో వెతికింది. ఇంతమందిలో ఎంతమందికి ఉంది ఈ తేడా? సున్నా.

అక్కకి ఒళ్ళు జల్లుమంది. భయం కూడా వేసింది, కాదనను. అయితే అది కాస్త ఆలస్యంగా వేసింది. ముందు కలిగింది సంతోషమే. తన ఫైలు తెరిచి చూసుకుంది, తనకి ఆ తేడా లేదు. అంటే నాన్న నుంచి వాడికొచ్చింది, తనకి రాలేదు. ఇన్నేళ్ళుగా ఎవరికీ అంతుపట్టని నాన్న చావుని శనివారం పూట కుర్చీలో కూర్చుని తేల్చిపారేసింది. తల్లి ఉమ్మి కూడా తీసి చూడాలన్న ఆలోచన ఆమెకి తట్టలేదు. పోయింది నాన్న, అమ్మ గుండ్రాయిలా ఉంది, అమ్మని చూడటం దేనికి?

ఆ సాయంత్రం వంటింటి బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. తల్లి బఠాణీలు ఒలుస్తోంది. తమ్ముడు ఒలిచినవి ఒలిచినట్టు నోట్లో వేసుకుంటున్నాడు. మరదలు, అంటే తమ్ముడి పెళ్ళాం, కళ్ళద్దాల షాపు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమెకి మూడో నెల. పెళ్ళయిన చాలా ఏళ్ళకి నిలిచిన కడుపు. ఇంట్లో ఆ ముచ్చట తప్ప ఇంకో ముచ్చట లేని రోజులు.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకుని, మొత్తం చెప్పింది. చెప్పడం బాగా చెప్పింది. కాగితం మీద గుండె బొమ్మ గీసింది, గోడలు దళసరిగా దిద్దింది.

"ఏంటక్కా, సోది చెప్తున్నావా?" అని నవ్వాడు తమ్ముడు.

"నవ్వు. నాన్న కూడా నవ్వుతూనే బాత్రూములోకెళ్ళాడు," అంది అక్క.

వాడి నోట్లో బఠాణీ నోట్లోనే ఉండిపోయింది. తల్లి చేతులు ఆగిపోయాయి. ఆ ఇంట్లో అక్క మాటకి ముగ్గురు మనుషులు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడం అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దం అక్కకి ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

"నేను అనుకుంటూనే ఉన్నాను. మీ నాన్న వంశంలోనే ఉంది, అందరూ ఇలాగే పోయారు," అంది తల్లి. అందరూ అలా పోలేదు. ఒకాయన నిచ్చెన మీదనుంచి పడి పోయాడు, ఇంకొకాయన తొంభై దాటాక పోయాడు. కానీ ఆ క్షణాన ఎవరు లెక్కపెడతారు?

మరదలు మాత్రం ఒక్కటే అడిగింది. "మరి లోపలిదానికి?"

"సగానికి సగం. ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. పరీక్ష చేయిద్దాం," అంది అక్క.

పరీక్ష వాళ్ళ ల్యాబులోనే జరిగింది. బిడ్డలో ఆ అక్షరం ఉందా లేదా అన్నదొక్కటే మెషీన్లు చూస్తాయి. ఉందని తేలింది. దాని అర్థమేమిటన్న గడిలో 'ప్రాణాంతకం' అని టైపు కొట్టింది అక్క. పెద్ద డాక్టరు బొత్తి మీద బొత్తిగా సంతకాలు పెట్టుకుంటూ పోతూ, అక్కడ ఒక్క క్షణం ఆగి, "చూశావా?" అని అడిగాడు.

"చూశాను సార్. పబ్లిక్ డేటాలో సున్నా," అంది అక్క. ఆయన సంతకం పెట్టేశాడు.

ఆ తర్వాత కూడా మరదలు ఊగిసలాడింది. ఉంచుకుందామనే ఉంది ఆమెకి. తమ్ముడి గుండెకి స్కాను తీస్తే శుభ్రంగా ఉంది. "ఇప్పటికి బాగానే ఉంది, కానీ మీ అక్కగారి ల్యాబు రిపోర్టు ఇలా ఉంది కదా," అన్నాడు స్కాను తీసిన డాక్టరు. ఆ 'ఇప్పటికి బాగానే ఉంది' అన్న మాటని మరదలు గట్టిగా పట్టుకుంది. ఒక మధ్యాహ్నం అక్క గది గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఆయన ముప్పై ఆరేళ్ళు హాయిగానే ఉన్నారు కదా. పుట్టేవాళ్ళు కూడా అలా ఉంటే చాలదా?"

"ఉంటారని ఎవరు చెప్పారు? నాన్నకి నలభై రెండు. ఈ బిడ్డకి ఆరో ఏటే కావచ్చు. బళ్ళో పరిగెడుతూ పరిగెడుతూ పడిపోవచ్చు. టీచరు నీకు ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ ఎత్తడానికి నువ్వు సిద్ధమేనా?"

పాఠంలో ఉన్నదొకటి, అక్క నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. ఆ జబ్బు నిజంగా ఉన్నవాళ్ళలో కూడా చాలామంది ముసలివాళ్ళవుతారని పాఠంలో స్పష్టంగా ఉంది. ఆ బడి, ఆ పరుగు, ఆ ఫోను అప్పటికప్పుడు అల్లింది అక్క. ఎందుకల్లిందంటే మరదలు ఎదురు మాట్లాడింది కాబట్టి. మళ్ళీ తన మాట వినిపించుకోరేమోనని ఉక్రోషం వచ్చింది కాబట్టి. అంతకన్నా పెద్ద కారణమేదో ఉంటే బాగుండేది.

మరదలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్ళి కడుపు తీయించుకుంది. అక్కే తోడు వెళ్ళింది. బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తర్వాతి శనివారం పాఠం చదువుకుంది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో మరదలు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంటే, "ఏడిస్తే ఏడువు, లోపల పెట్టుకోకు," అని ధైర్యం కూడా చెప్పింది.

తమ్ముణ్ణి క్రేన్ మీదనుంచి దించేశారు. జన్యు రిపోర్టు అలా ఉన్నవాణ్ణి అంత ఎత్తున ఎవరు కూర్చోబెడతారు? కింద స్టోరులో చేతి తొడుగులు, హెల్మెట్లు పంచే పని ఇచ్చారు. వాడు భోజనాల వేళ బయటికొచ్చి మెడ వెనక్కి వాల్చి, పైన తన గాజు గదిలో ఇంకొకడు కూర్చుని ఉండటం చూసేవాడు. ఇంట్లో నవ్వడం మానేశాడు. మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. చివరికి మొగుడూ పెళ్ళాం కూర్చుని ఒక నిర్ణయానికొచ్చారు. ఇంకోసారి ఈ కోత వద్దు, తమ్ముడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేసుకుంటాడు. తేదీ కూడా తీసుకున్నారు.

ఇక్కడిదాకా అక్క నిద్రకి ఏ లోటూ లేదు. ఆ తేదీకి ముందు శనివారం క్లాసులో ఆఖరి పరీక్ష. ఒక్కొక్కరూ లేచి, ఒక కుటుంబాన్ని తీసుకుని, అందులో దొరికిన తేడాకి అర్థం చెప్పాలి. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. తెర మీద కుటుంబం బొమ్మ వేసింది. జబ్బుందన్న గుర్తుగా తండ్రి గడికి నల్లరంగు, కొడుకు గడికి నల్లరంగు. పేర్లు చెప్పలేదు. బిడ్డ మాట ఎత్తలేదు. గుండె, అక్షరం, సున్నా అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పి, మెప్పు కోసం మేడమ్ వైపు చూసింది.

మేడమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "సున్నా అన్నావు. ఎవరిలో సున్నా?"

"పబ్లిక్ డేటాలో మేడమ్."

"ఏ డేటాలో?"

అక్కకి ప్రశ్న అర్థం కాలేదు. "మీరిచ్చిన దాంట్లో."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "నేనిచ్చిన దాంట్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారని చెప్పాను? ఒక్కరూ లేరని చెప్పానా లేదా? మన పెరట్లో పిల్లులున్నాయా అంటే పక్క వీధిలో చూసొచ్చి లేవని చెప్పినట్టుంది నీ వరస. సరే. క్లాసులో అందరూ మీ సొంత ఫైళ్ళు తెరవండి. ఈమె చెప్పిన చోట ఈమె చెప్పిన అక్షరం ఎవరికుందో చూసి చేతులెత్తండి."

గదిలో కీబోర్డుల చప్పుడు. క్లాసులో పాతికమంది ఉన్నారు. మొదట మందుల షాపాయన చెయ్యి లేచింది. తర్వాత కిటికీ పక్కన కూర్చునే నర్సుది. ఆఖరికి ఈత మాస్టారు, కళ్ళు చికిలించి తెర మీద రెండుసార్లు వేలు పెట్టి చూసుకుని, చెయ్యెత్తాడు. "నాక్కూడా ఉందే! పొద్దున కూడా ఇరవై సార్లు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి ఈదొచ్చానమ్మా, నేనెప్పుడు పోవాలో కాస్త చెప్పు," అన్నాడు. క్లాసు గొల్లుమంది.

మేడమ్ కొత్త డేటా తెరిచి అందరికీ చూపించింది. మనవాళ్ళలో ముప్పైమందికి ఒకరిలో ఉంది ఆ తేడా. ఎనభై ఏళ్ళు దాటి, గుండె నిక్షేపంలా ఉన్నవాళ్ళలోనూ అంతే ఉంది. దానికీ గుండెకీ ఏ సంబంధమూ లేదు.

చేతులెత్తినవాళ్ళు ఇంకా దించలేదు. బతికున్న మూడు చేతులు. ఆ మూడింటి మధ్య నాలుగోదొకటి, వేళ్ళు కూడా సరిగా ఏర్పడనిది, అక్కకి కనిపించింది.

మేడమ్ ఆమె మొహం చూసింది. మొదటిసారి ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "ఇది ఎవరికైనా చెప్పావా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. విని తిట్టేవాళ్ళున్నారు, తిట్టి దారి చూపించేవాళ్ళూ ఉన్నారు. అక్క నోరు తెరిచింది.

"లేదు మేడమ్. ఊరికే, అభ్యాసానికి," అంది.

"హమ్మయ్య, బతికించావు," అంది మేడమ్. తర్వాతి వాళ్ళని పిలిచింది.

మర్నాడు తల్లి చేత కూడా గొట్టంలో ఉమ్మించింది అక్క. ఎందుకే అంటే షుగర్ అని చెప్పింది. ల్యాబులో ఫలితం తెరిచింది. ఆ అక్షరం తల్లిలో ఉంది. తండ్రికి ఆ అక్షరం ఉందనడానికే ఆధారం లేదు. డెబ్బై ఒకటో ఏట బియ్యం బస్తా ఒక్కతే ఈడ్చుకెళ్ళే మనిషి నుంచి కొడుక్కొచ్చింది, కొడుకు నుంచి బిడ్డకొచ్చింది. ఆ గొట్టమేదో మొదటిరోజే తల్లి నోటి ముందు పెట్టి ఉంటే ఈ పాటికి మరదలు పొట్ట చీర కుచ్చిళ్ళలో దాగకుండా కనిపిస్తుండేది.

డాబా మీద తల్లి ఆరిన బట్టలు తీస్తుంటే అక్క వెళ్ళి అంతా చెప్పేసింది. తిడుతుందనుకుంది. కొడుతుందేమోనని కూడా అనుకుంది, కొడితే బాగుండుననిపించింది. తల్లి దుప్పటి మడత పూర్తిచేసి, దాన్ని భుజాన వేసుకుని, కిందికి తొంగి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుంది.

"నా నుంచి వచ్చిందా?"

"నీ నుంచే. కానీ అది అసలు జబ్బే కాదమ్మా."

"జబ్బైనా కాకపోయినా, నా నుంచి వచ్చిందని ఆ పిల్లకి తెలియకూడదు. ఇన్నాళ్ళూ మీ నాన్న వంశాన్ని దాని ముందు కడిగిపారేశాను."

అక్క తెల్లబోయింది. "అమ్మా, నేను ఒక బిడ్డని చంపాను."

"గట్టిగా అరిచి చెప్పు, పక్కింటివాళ్ళు కూడా వింటారు." తల్లి క్లిప్పులు డబ్బాలో వేస్తూ చాలా మామూలుగా మాట్లాడింది. "జరిగిందాన్ని ఎవరం తీసుకురాగలం? వాడికి ఆ ఆపరేషన్ మాత్రం ఆపాలి. నాకు మనవలు కావాలి. లెక్కలు మారాయని చెప్పు. అప్పుడు తెలిసింది అది, ఇప్పుడు కొత్తగా తెలిసింది ఇది అని చెప్పు. పేపర్లలో చూడట్లేదా, కాఫీ మంచిదని ఒకరోజు, కాదని ఒకరోజు. ఎవరు అడగొచ్చారు?"

"అబద్ధం కదా."

"బిడ్డ ఊరికే పోయిందని చెప్తావా దానికి? వెళ్ళి చెప్పు. దాని మొహం చూసి చెప్పగలిగితే చెప్పు," అని తల్లి బట్టల మూట ఎత్తుకుని దిగిపోయింది.

అక్క చాలాసేపు డాబా మీదే ఉండిపోయింది. నిజమే చెప్పాలని నిశ్చయించుకుంది. ఈ విషయంలో ఆమెని అనుమానించనక్కర్లేదు, ఆ మెట్లు దిగుతున్నప్పుడు ఆమె మనసులో నిజమే ఉంది. నకలు పాతదని మేడమ్ చెప్తుంటే నేను వినలేదు. కొత్తది చూడలేదు. బడి, ఫోను నేనే కల్పించాను. ఈ మూడు వాక్యాలూ వరసగా పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

తమ్ముడు, మరదలు బల్ల దగ్గరే ఉన్నారు. తల్లి అవతల ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఆపరేషన్ వద్దు. ఆ తేడా ప్రమాదం కాదు. నీ గుండెకి ఏమీ లేదురా. నీకు పుట్టేవాళ్ళకీ ఏమీ ఉండదు," అంది అక్క ఒక్క గుక్కలో.

తమ్ముడికి మాట బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక వాడు కుర్చీ తోసేసి లేచాడు. "నిజంగానా అక్కా? అంటే నేను క్రేన్ ఎక్కొచ్చా?" అని చిన్నపిల్లాడిలా ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. చాలా రోజులకి వాడి పళ్ళు కనిపించాయి. ఛాతీ మీద నుంచి చెయ్యి తీశాడు.

మరదలు లేవలేదు. బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది. "ప్రమాదం కాదా?" అంది.

"కాదు."

"ఎవరికీ కాదా? పుట్టబోయేవాళ్ళకి కూడా?"

"కాదు. మనవాళ్ళలో చాలామందికి ఉంది. ఉన్నా బాగానే ఉన్నారు."

మరదలు అడిగింది. "ఈ సంగతి ఎప్పుడు తెలిసింది వదినా?"

అదిగో, తలుపు తెరిచే ఉంది. కొత్త డేటా రెండేళ్ళ నుంచీ ఉంది, నేనే చూడలేదు అంటే సరిపోయేది. అవతల కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. తల్లి తలెత్తలేదు, కాని వింటోంది. అక్క మరదలి మొహం చూసింది. ఆ మొహంలో ఇంకా ఏమీ లేదు. కోపం లేదు, ఏడుపు లేదు, జవాబు కోసం ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో తను చెప్పబోయే నిజం పడితే ఆ తర్వాత ఈ ఇంట్లో తన మాట ఎవరూ ఎప్పటికీ వినరు. ఈ ఆలోచన అక్కకి మెరుపులా వచ్చింది, బిడ్డ తలపుకంటే ముందే వచ్చింది.

"పోయిన వారం. కొత్త లెక్కలు పోయిన వారమే వచ్చాయి. అంతకుముందు ఎవరికీ తెలియదు," అంది.

"ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ. డాక్టర్లకే తెలియదు."

మరదలు అప్పుడు ఏడ్చింది. బల్ల మీద తల వాల్చి, భుజాలు ఎగిరెగిరి పడేలా, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున ఏడవనిదంతా ఏడ్చింది. తమ్ముడి నవ్వు ఎటు పోవాలో తెలియక మొహం మీదే చచ్చిపోయింది. తల్లి మళ్ళీ ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది, ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి, అవి దేనివో ఎవరూ అడగలేదు. అక్క నిలబడే ఉంది.

చాలాసేపటికి మరదలు తలెత్తింది. పైటతో మొహం తుడుచుకుని, లేచొచ్చి, అక్క ఎదురుగా నిలబడి ఆమె చెయ్యి అందుకుంది.

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి. నేను రోజూ నిన్ను తిట్టుకున్నాను. లోపల్లోపల శాపనార్థాలు పెట్టాను. నీకు పిల్లల్లేరని కావాలనే చేశావని, మా మీద ఏడుపుతో చేశావని అనుకున్నాను. ఆయనతో కూడా అన్నాను. నువ్వేమో పాపం, తెలియక చెప్పావు, తెలిసిన వెంటనే పరిగెత్తుకొచ్చి చెప్పావు. నాదే పాపం. తప్పయిపోయింది వదినా, నన్ను క్షమించు."

ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. కళ్ళు అక్క కళ్ళలోకి చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి. తమ్ముడు చూస్తున్నాడు, తల్లి చూస్తోంది. వంటిల్లంతా అక్క మాట కోసం నిశ్శబ్దంగా ఉంది.

అక్క రెండో చెయ్యి ఎత్తి మరదలి తల నిమిరింది.

"పోనీలే, ఏడవకు. నేనవన్నీ మనసులో పెట్టుకోను," అంది.